మూసీకి కళ్లెం, ఇంటికి నల్లా: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

1908 సెప్టెంబర్ 28, సోమవారం. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. రెండు రోజులుగా ఆగకుండా కురుస్తున్న వానకు మూసీ నది ఒడ్లు దాటింది. తెల్లవారేసరికి అఫ్జల్‌గంజ్, కోల్సావాడి, ఘాన్సీ బజార్ నీళ్లలో ఉన్నాయి. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12.8 అంగుళాల వాన పడింది. నదిపై ఉన్న వంతెనల్లో మూడు కొట్టుకుపోయాయి. కుతుబ్‌షాహీల కాలం నాటి పురానా పుల్ మాత్రం దెబ్బలు తింటూనే నిలబడింది. సుమారు 15 వేల మంది చనిపోయారని, 19 వేల ఇళ్లు కూలాయని, 80 వేల మందికి నిలువ నీడ లేకుండా పోయిందని అప్పటి లెక్కలు. నగరం మొత్తం జనాభా నాలుగున్నర లక్షలు ఉన్న రోజుల మాట ఇది.

అఫ్జల్ పార్కులోని ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. రుబాయీల కవిగా ఉర్దూ లోకమంతా ఎరిగిన అమ్జద్ హైదరాబాదీ ఆ రోజు తల్లిని, భార్యను, కూతుర్ని తన కళ్లముందే పోగొట్టుకున్నారు. ఆయన ఒక్కరే ఒడ్డున పడ్డారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మహళ్ల తలుపులు తెరిపించి, ఇల్లు పోయినవాళ్లకు ఆశ్రయమిచ్చి, లంగర్లు పెట్టించారు. కానీ బియ్యం, బట్టలు పంచడంతో తీరిపోయే సమస్య కాదది. మూసీ అంతకుముందు కూడా చాలాసార్లు పొంగింది. మళ్లీ పొంగదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అసలు ఈ నదిని ఏం చేయాలో చెప్పే మనిషి కావాల్సి వచ్చింది.

ఆ మనిషి అప్పుడు యూరప్‌లో తిరుగుతున్నాడు. బొంబాయి ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం వదిలేసుకుని, దేశదేశాల ఆనకట్టలు, నీటి సరఫరా, మురుగు కాలువలు చూడటానికి సొంత ఖర్చుతో బయల్దేరాడు. నిజాం ప్రభుత్వం పంపిన పిలుపు ఆయనకు ఇటలీలో అందింది. ప్రయాణం ముగించుకుని 1909 ఏప్రిల్ 15న హైదరాబాద్‌లో ప్రత్యేక సలహా ఇంజినీరుగా బాధ్యత తీసుకున్నాడు. పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. వయసు అప్పటికి 47.

విశ్వేశ్వరయ్య అనగానే చాలామందికి కృష్ణరాజసాగరం గుర్తొస్తుంది, లేదా తెల్లటి మైసూరు తలపాగా. రైలు శబ్దం విని పట్టా విరిగిందని కనిపెట్టాడని, సర్కారు కొవ్వొత్తి, సొంత కొవ్వొత్తి వేరువేరుగా వెలిగించుకునేవాడని స్కూలు పుస్తకాల్లో కథలున్నాయి. ఆ కథల వెలుగులో ఆయన చేసిన అసలు పని మరుగున పడిపోయింది. దివాన్ కాకముందు పాతికేళ్లు ఆయన చేసిన పనిలో ఎక్కువ భాగం ఊళ్లకు తాగునీళ్లు తేవడం, వాడిన నీళ్లు ఊరి బయటికి పంపడం. నల్లా, మోరీ. ఈ రెంటి గురించి పాటలు కట్టేవాళ్లు ఎవరూ ఉండరు మరి.

ఆయన పుట్టింది 1861 సెప్టెంబర్ 15న, ఇప్పటి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం దగ్గర ముద్దెనహళ్లిలో. ఇంటిపేరు మాత్రం మన వైపుది. పూర్వీకులు గిద్దలూరు, మార్కాపురం ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుంచి వలస వెళ్లినవాళ్లు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. ఆస్తి ఏమీ లేదు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి వెంకటలక్ష్మమ్మ కష్టపడి చదివించింది. బెంగళూరులో మేనమామ సాయంతో, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి, 1881లో బీఏ పాసయ్యాడు. మైసూరు సర్కారు ఉపకార వేతనంతో పుణె సైన్స్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, 1883 పరీక్షలో బొంబాయి రాష్ట్రంలోనే మొదటి స్థానంలో వచ్చాడు. మరుసటి ఏడాది బొంబాయి ప్రజా పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరు. నాసిక్, ఖాందేశ్ జిల్లాల్లో రోడ్లు, కాలువలు, కట్టడాలు. ఇదంతా మామూలు ఉద్యోగమే.

మలుపు సింధ్‌లో వచ్చింది. 1893 చివర్లో ఆయన్ని సుక్కూర్ పట్టణానికి పంపించారు. సింధు నది ఒడ్డున, గుట్టల మీద కట్టుకున్న పాత ముస్లిం పట్టణం అది. అక్బర్ కాలం నాటి మీర్ మాసూమ్ షా మినార్ దూరం నుంచే కనిపిస్తుంది. పక్కనే మహానది, తాగడానికి మాత్రం నీళ్లు లేవు. ఎందుకంటే సింధు నీరు బురద, ఇసుకతో ఎర్రగా ఉంటుంది. పడవల మీద, గాడిదల మీద, తోలు సంచుల్లో మోసుకొచ్చి కుండల్లో పోసి, తేరేదాకా ఎదురుచూడాలి. పద్ధతి ప్రకారం అయితే ఇసుక వడపోత తొట్లు కట్టాలి. ఆ ఖర్చు భరించే శక్తి అక్కడి మున్సిపాలిటీకి లేదు.

విశ్వేశ్వరయ్య వడపోత తొట్టి కట్టలేదు. నది పాన్పునే వడపోత తొట్టిగా వాడుకున్నాడు. నది పక్కన ఇసుకలో లోతైన బావి తవ్వించి, అందులోంచి నది అడుగు కిందికి సొరంగం తీయించాడు. పైన పారే నీరు ఇసుక పొరల గుండా మెల్లగా కిందికి దిగి బావిలో చేరేసరికి బురదంతా పైనే ఆగిపోతుంది. ఆ తేట నీటిని పంపులతో ఊళ్లోని గుట్టపైకి ఎక్కించి, హౌజులో నింపి, అక్కడి నుంచి గొట్టాల ద్వారా ఇళ్లకు వదిలారు. 1895 నాటికి పని పూర్తయింది. మన పల్లెల్లో ఎండాకాలం వాగులో చెలిమ తవ్వుకుని తాగే ఆడవాళ్లకు ఈ సూత్రం కొత్తది కాదు. దాన్ని ఒక పట్టణానికి సరిపడేంత పెద్దదిగా, లెక్కకట్టి చేయడమే ఇంజినీరు గొప్ప. డబ్బు లేదన్న మాట దగ్గర ఆయన ఆగిపోలేదు. డబ్బు లేకపోతే ఇంకే దారి ఉందని వెతికాడు. ఆ తర్వాత జీవితమంతా ఆయన పనిలో ఈ గుణం కనిపిస్తుంది.

అక్కడి నుంచి సూరత్ నీటి సరఫరా. తర్వాత పుణె. పుణెకు నీళ్లిచ్చే ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన రూపొందించిన తలుపులు బిగించారు. జలాశయంలో నీరు ఒక ఎత్తు దాటగానే అవే తెరుచుకుంటాయి, వరద తగ్గగానే అవే మూసుకుంటాయి. మనిషి చెయ్యి అక్కర్లేదు. కట్ట ఎత్తు పెంచకుండానే సుమారు ఎనిమిది అడుగుల నీరు అదనంగా నిలబెట్టుకోవచ్చు. దానిపై పేటెంట్ తీసుకున్నాడు గానీ, సర్కారు నుంచి డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోలేదు. తన ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మళ్లీ రుసుము ఏమిటని ఆయన లెక్క. 1904లో బొంబాయి రాష్ట్రానికి శానిటరీ ఇంజినీరు అయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే అంటారు.

1906లో ఏడెన్. ఇప్పుడు యెమెన్‌లో ఉన్న ఆ రేవు అప్పట్లో బొంబాయి పరిపాలన కింద ఉండేది. హైదరాబాద్ బార్కస్‌లో ఉన్న కుటుంబాల్లో చాలామందికి ఆ నేల పూర్వీకుల నేల. చల్లారిన అగ్నిపర్వతం నోట్లో కట్టిన ఊరు, చుట్టూ సముద్రం, పైన ఎండ. వాన ఎప్పుడో గానీ పడదు. పడినప్పుడు పట్టుకోవడానికి కొండ చరియల్లో పూర్వులు తొలిచిన తొట్లున్నాయి. అవి చాలక సముద్రపు నీటిని మరిగించి ఆవిరి పట్టి తాగేవారు. అది ఎంత ఖరీదైన నీరో చెప్పక్కర్లేదు. విశ్వేశ్వరయ్య ఊళ్లో నీళ్ల కోసం వెతకలేదు. ఉత్తరానికి, ఎడారిలోకి నడిచాడు. దూరాన ఉన్న యెమెన్ కొండల మీద వానలు పడతాయి. ఆ నీళ్లతో పారే వాగు లహెజ్ దాటాక ఇసుకలో ఇంకిపోయి కనిపించకుండా పోతుంది. కనిపించకపోయినా కింద నీరుంటుంది. సుమారు 18 మైళ్ల దూరంలోని ఆ వాగు పాన్పులో బావులు తవ్వి, పంపులతో ఏడెన్‌కు నీళ్లు తేవచ్చని నివేదిక ఇచ్చాడు. దాంతోపాటే ఊరి మురుగు కాలువల పథకమూ ఇచ్చాడు. నీళ్లు తెచ్చిస్తే మురుగు పెరుగుతుంది, రెండూ కలిపి ఆలోచించకపోతే ఊరికి రోగం తెచ్చినట్టేనని ఆయనకు తెలుసు.

ఇంత చేసినా బొంబాయిలో చీఫ్ ఇంజినీరు పదవి భారతీయుడికి దక్కే అవకాశం లేదు. ఆ సంగతి గ్రహించి, పింఛనుకు కావాల్సిన ఏళ్లు నిండకముందే 1908లో ఉద్యోగానికి సెలవు చెప్పాడు. ప్రభుత్వం ఆయన సేవను గుర్తించి పింఛను ఇచ్చింది. అలా ఖాళీ చేతులతో విదేశాలు తిరుగుతున్న మనిషిని హైదరాబాద్ పిలిచింది.

హైదరాబాద్‌లో ఆయన మొదట చేసింది కట్టడం కాదు, లెక్కపెట్టడం. వరద ఏ గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చిందో గుర్తులు తీయించాడు. వాన లెక్కలు సేకరించాడు. దేశంలోనూ బయటా వేరే నగరాల్లో పడ్డ పెద్ద వానలతో పోల్చి చూశాడు. ఆ రోజు మూసీలో గరిష్ఠంగా సెకనుకు 4 లక్షల 25 వేల ఘనపుటడుగుల నీరు వచ్చిందని తేల్చాడు. అన్నిటికంటే ముఖ్యమైనది చెరువుల లెక్క. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులకు నీరు చేర్చే నేలలో 788 చెరువులున్నాయి. వాటిలో 221 తెగిపోయాయి. అంటే నగరం మీద పడింది వాన ఒక్కటే కాదు. పైన ఒక చెరువు తెగి కింది చెరువును తెంచింది, అది ఇంకో చెరువును తెంచింది. ఆకాశం మీద నేరం మోపి ఊరుకుంటే తేలే విషయం కాదు.

ఆయన చెప్పిన పరిష్కారం రెండు జలాశయాలు. నగరానికి పైన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి. వరద వచ్చినప్పుడు అవి నీటిని పట్టుకుని, నది భరించగలిగినంతే కిందికి వదలాలి. నగరంలో నది ఒడ్లను ఎత్తు చేసి, గోడలు కట్టి, ఆ ఒడ్ల వెంట పార్కులు, రోడ్లు వేయాలి. ఆ జలాశయాల నీళ్లే నగరానికి తాగడానికి కూడా పనికొస్తాయి.

ఈ చివరి మాటలో ఒక చిక్కు ఉంది. వరదను పట్టుకోవాలంటే జలాశయం ఖాళీగా ఉండాలి. తాగునీళ్లు ఇవ్వాలంటే నిండుగా ఉండాలి. ఒకే గిన్నె ఖాళీగానూ నిండుగానూ ఎలా ఉంటుంది? జవాబు గిన్నె పైభాగంలో ఉంది. ఒక మట్టం దాకా తాగునీరు నిలపాలి, దానిపైన కొంత చోటు వరద కోసం వదిలిపెట్టాలి. ఆ చోటు ఊరికే పడి ఉన్నట్టు కనిపిస్తుంది. పదేళ్లు వరద రాకపోతే అక్కడ కూడా నీళ్లు నింపుకుందామనో, అంచున ఇళ్లు కట్టుకుందామనో ఆశ పుడుతుంది. ఆ ఖాళీ చోటే నిజానికి నగరం ప్రాణం.

అంతకుముందు హైదరాబాద్ తాగింది చెరువుల నీళ్లే. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్వించిన హుస్సేన్ సాగర్, 1800ల మొదట్లో కమాను పక్కన కమాను పేర్చినట్టు కట్టిన మీర్ ఆలం చెరువు నగరానికి నీళ్లిచ్చేవి. మిగిలింది బావులు, బౌలీలు. తోలు మష్క్ భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరిగే భిష్తీలే చాలా ఇళ్లకు నల్లాలు. జనం పెరిగారు, ఆ నీళ్లు చాలలేదు, శుభ్రంగానూ లేవు.

విశ్వేశ్వరయ్య హైదరాబాద్‌లో ఉన్నది కొన్ని నెలలే. 1909 చివర్లో మైసూరు మహారాజు పిలుపు మీద అక్కడ చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయాడు. వెళ్లేముందు నివేదికలు, నక్షాలు, అంచనాలు అన్నీ సిద్ధం చేసి ఇచ్చాడు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశారు. ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ నివేదికలను అటక మీద పెట్టలేదు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. కట్టింది నిజాం ప్రజా పనుల శాఖ ఇంజినీర్లు, వేలాది కూలీలు. నక్షా ఒకరిది, చెమట చాలామందిది. ఈ మాట చెప్పకపోతే న్యాయం కాదు.

ఉస్మాన్ సాగర్‌నే జనం గండిపేట అంటారు. ఆ నీళ్లు ఎత్తు నుంచి వాలుగా కట్టిన కాలువలో తమంతట తామే పారుతూ ఆసిఫ్ నగర్ వడపోత కేంద్రానికి చేరతాయి. హిమాయత్ సాగర్ నీళ్లు మీర్ ఆలం వడపోత కేంద్రానికి. పంపు లేదు, కరెంటు బిల్లు లేదు. తర్వాతి కాలంలో మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి చాలా దూరం ఎత్తిపోసి తెచ్చిన నీళ్లతో పోల్చి చూస్తే దీని విలువ తెలుస్తుంది. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలి పోలేరని పాత బస్తీ ముసలివాళ్లు అనే మాట ఆ నల్లాల నుంచి పుట్టిందే.

నల్లా కథ ఇలా సాగింది. మోరీ కథ అంత తేలిగ్గా సాగలేదు.

1909లోనే ఆయన నగరానికి భూగర్భ మురుగు పారుదల పథకం కూడా ఇచ్చాడు. అప్పట్లో చాలా ఇళ్లలో పాయఖానా అంటే బుట్ట. దాన్ని పొద్దున్నే ఎత్తుకెళ్లేది ఒక మనిషి, చాలాసార్లు ఒక ఆడమనిషి. వాడిన నీళ్లు గల్లీ మధ్య మోరీలో పారి మూసీలో కలిసేవి. బావులు ఆ మోరీల పక్కనే ఉండేవి. కలరా ఎందుకొస్తుందో దీన్ని చూస్తే అర్థమవుతుంది. 1911లో ప్లేగు కూడా వచ్చి నగరాన్ని వణికించింది. మరుసటి ఏడాదే నగరాభివృద్ధి బోర్డు ఏర్పాటైంది. ఇరుకు బస్తీలు విడదీసి, రోడ్లు వెడల్పు చేసి, ఇళ్లు కట్టించే పని అది మొదలుపెట్టింది. నది ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి లేచాయి.

మురుగు పథకం సూత్రం చెప్పుకోవడానికి సులువే. నదికి రెండు వైపులా, ఒడ్డు వెంట, భూమిలో పెద్ద కాలువలు వేయాలి. గల్లీల నుంచి వచ్చే చిన్న గొట్టాలు వాటిలో కలవాలి. మురుగు నదిలో పడకుండా ఈ పెద్ద కాలువలు దాన్ని పట్టుకుని నగరం దిగువకు తీసుకెళ్లాలి. అసలు కిటుకంతా వాలులో ఉంది. మురుగు సెకనుకు సుమారు రెండు అడుగుల వేగంతోనైనా పారకపోతే అందులోని మడ్డి అడుగున పేరుకుంటుంది. వాలు మరీ ఎక్కువైతే ఇసుక గొట్టాన్ని కోసేస్తుంది. నేల ఎగుడుదిగుడుగా ఉండి, అడుగడుక్కీ బండరాయి తగిలే హైదరాబాద్‌లో ఆ వాలు సాధించడమంటే ప్రతి గల్లీని అంగుళాల్లో కొలవడమే. పైగా వాన నీళ్లు ఈ గొట్టాల్లో కలవకూడదు. కలిస్తే వానాకాలంలో మ్యాన్‌హోల్ మూతలు లేచిపోతాయి. ఇప్పటికీ ప్రతి జూలైలో నగరం చూస్తున్న దృశ్యమది.

దిగువన అంబర్‌పేట వైపు ఆ మురుగును పొలాల మీద పారించి సాగుకు వాడటం అప్పటి పద్ధతి. మట్టిలోని సూక్ష్మజీవులు మురుగును తింటాయి, ఎరువు పైరుకు అందుతుంది, తేరిన నీరు కిందికి పోతుంది. నగరం చిన్నదిగా, మురుగులో రసాయనాలు లేకుండా ఉన్న కాలంలో అది మంచి ఏర్పాటే.

అయితే పనులు నత్తనడక నడిచాయి. ఆనకట్ట కడితే అందరికీ కనిపిస్తుంది, పేరు పెట్టొచ్చు, ప్రారంభోత్సవం చేయొచ్చు. భూమిలో పూడ్చే గొట్టానికి ఆ అదృష్టం లేదు. 1922లో నిజాం ప్రభుత్వం ఆయన్ని మళ్లీ పిలిపించింది. అప్పటికి ఆయన మైసూరు దివాన్ పదవి కూడా వదిలేసి, ఏ కొలువూ లేని పెద్దమనిషి. ఆగిపోయిన మురుగు పనులను పరిశీలించి, నక్షాలు సరిచేసి, మళ్లీ కదిలించాడు. పెద్ద కాలువ వేసినంత మాత్రాన పని కాదు. ప్రతి ఇంటి నుంచి దానికి గొట్టం కలిపితేనే ఫలితం. ఆ పని తర్వాత దశాబ్దాలు సాగింది.

మధ్యలో మైసూరు రోజులున్నాయి. అవి అందరికీ తెలిసినవే కాబట్టి వివరంగా చెప్పక్కర్లేదు. 1909 నుంచి చీఫ్ ఇంజినీరు, 1912 నుంచి 1918 దాకా దివాన్. కావేరి మీద కృష్ణరాజసాగరం, మైసూరు విశ్వవిద్యాలయం, మైసూరు బ్యాంకు, భద్రావతి ఇనుము. 1915లో సర్ బిరుదు. ఒక విషయం మాత్రం దాచి చెప్పకూడదు. 1918లో మహారాజు కృష్ణరాజ ఒడయార్, ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు న్యాయం జరిగేలా చూడటానికి మిల్లర్ కమిటీని వేశారు. మైసూరులో ముస్లింలు కూడా ఆ వెనుకబడిన వర్గాల లెక్కలోనే ఉన్నారు. అర్హత తప్ప వేరే కొలమానం ఉండకూడదని విశ్వేశ్వరయ్య పట్టుబట్టాడు. మహారాజు ఒప్పుకోలేదు. దివాన్ పదవి వదిలేశాడు. ఉపకార వేతనం లేకపోతే తానే ఇంజినీరు అయ్యేవాడు కాదు. అలాంటి మనిషి, తరతరాలుగా బడి గడప తొక్కని పిల్లలకు అర్హత ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోయాడు. చరిత్ర ఈ విషయంలో మహారాజు పక్షానే నిలిచింది.

1929లో ఆయన మళ్లీ సింధు నది ఒడ్డున తేలాడు. సుక్కూర్ దగ్గర కడుతున్న భారీ బ్యారేజీ ఖర్చులు, సాంకేతిక విషయాలు పరిశీలించమని బొంబాయి ప్రభుత్వం ఇద్దరు ఇంజినీర్లను కోరింది. ఒకరు విశ్వేశ్వరయ్య. రెండోవారు హైదరాబాద్ చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ, నిజాం సర్కారు ఉపకార వేతనంతో ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీలో చదివినవారు. అప్పుడే మంజీరా మీద నిజాం సాగర్ కట్టిస్తున్నారు. తెలంగాణలో ఇంజినీర్ల దినోత్సవం జూలై 11న జరిగేది ఆయన పుట్టినరోజు కనుకే. దేశమంతా సెప్టెంబర్ 15న జరుపుకునేది విశ్వేశ్వరయ్య పుట్టినరోజు. మన పిల్లలకు రెండో తేదీ తెలిసినంతగా మొదటి తేదీ తెలియదు, అది వేరే సంగతి. ఒకప్పుడు కుర్ర ఇంజినీరుగా ఇసుకలో బావి తవ్వించిన ఊరికి, 35 ఏళ్ల తర్వాత ఒక హైదరాబాద్ నవాబుతో కలిసి పెద్దమనిషిగా తిరిగి రావడం ఆయన జీవితంలోని అందమైన సంఘటనల్లో ఒకటి.

1955లో భారతరత్న వచ్చింది. చివరిదాకా రోజూ నడక, మితంగా తిండి, ఇస్త్రీ చెడని కోటు. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక బెంగళూరులో కన్నుమూశాడు. ముద్దెనహళ్లిలో, పుట్టిన ఇంటి దగ్గరే అంత్యక్రియలు జరిగాయి.

ఆయన చెప్పినవాటిలో హైదరాబాద్ పాటించినవి నిలబడ్డాయి. వదిలేసినవి తిరిగొచ్చాయి. అంబర్‌పేటలో ఇప్పుడు రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది. అయినా మూసీలోకి నేరుగా పడే నాలాలు తక్కువేమీ లేవు. ఆ నీళ్లతోనే దిగువన పశువుల గడ్డి పెంచుతారు, ఆ గడ్డి తిన్న గేదెల పాలు మళ్లీ నగరానికే వస్తాయి. 2013లో చట్టం వచ్చి, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దింపడం నేరమని చెప్పింది. అయినా మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక కూలీ చనిపోయాడన్న వార్త ఆగలేదు.

2020 అక్టోబర్‌లో వాన పడింది. మూసీ ఒడ్డున 1908 నాటి విధ్వంసం జరగలేదు. పైన రెండు జలాశయాలు ఉన్నాయి. కానీ పాత బస్తీ మునిగింది. పల్లె చెరువు తెగి అల్ జుబైల్ కాలనీలో, గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్‌లో నీళ్లు ఇళ్ల కప్పుల దాకా వచ్చాయి. కొన్ని కుటుంబాలు ఒకే రాత్రిలో ముగ్గురిని, నలుగురిని పోగొట్టుకున్నాయి. తెగిన చెరువుల లెక్క 1909 నాటి నివేదికలో ఉంది. చెరువు నీరు పొంగితే ఎటు పోవాలో ఆ దారుల్లో ఇప్పుడు ప్లాట్లున్నాయి, రిజిస్ట్రేషన్లున్నాయి, కరెంటు మీటర్లున్నాయి. గండిపేట, హిమాయత్ సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను అదుపు చేస్తూ 1996లో వచ్చిన 111 నంబరు జీవో ఆంక్షలను 2022లో ప్రభుత్వం సడలించింది.